నాచుతెప్ప పలకలేదు

నమోదు 1
పడమర గాలి. సముద్రం మామూలు.

రాసేది సూరాడ అసిరితల్లి, సముద్రం మీద తెప్పలు కలిపి కట్టిన ఊరు అలలపాలెంలో పలుకుల గది కాపలాదారు. ఈ నమోదుల్లో సొంత గోడు రాయకూడదని ఎర్రయ్యగారు నిన్న మళ్ళీ చెప్పారు. ఆయన ఊరికి పెద్ద, నాకు స్వయానా బావగారు, అందుకని తలూపాను. వాన, గాలి, తెప్పలు, నెంబర్లు రాస్తే చాలట. అంత మాత్రానికి మనిషెందుకు, గోడ మీద గీతలు గీసి వదిలేయొచ్చు.

ఈ రోజు తెప్పలన్నీ పలికాయి.

మెట్ట నుంచి, అంటే ఒడ్డు నేల నుంచి, పడవలో కొత్త కార్డులు వచ్చాయి, వాటితో పాటు వాటిని బిగించే కుర్ర ఇంజనీరు కూడా వచ్చాడు. పేరు మద్దిలేటి, కర్నూలు వైపు మనిషి. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడటం ఇదే మొదలట. పెద్దతెప్ప మీద కాలు పెట్టీ పెట్టగానే పక్కకి వంగి, తిన్నదంతా చేపలకి సమర్పించుకున్నాడు. అల్లం రసం ఇచ్చి పడుకోబెట్టాను. పడుకునే అడిగాడు, పొద్దున్నే మైకులో మంత్రాల్లా చదివేది ఏమిటని.

చెప్పాను. ప్రతి తెప్ప నుంచీ ఒక కేబుల్ నీళ్ళ కింద నుంచి ఈ గదిలోని కంప్యూటర్ దాకా వస్తుంది. ఒక్కో కేబుల్‌కీ ఒక్కో కార్డు. తెప్ప నుంచి కబురు రాగానే ఆ కార్డు కంప్యూటర్ని "ఇటు చూడు" అని పిలుస్తుంది. వాళ్ళ భాషలో దాన్ని ఇంటరప్ట్ అంటారట. మాకు అది పిలుపు. ప్రతి కార్డుకీ ఒక పిలుపు నెంబరుంటుంది. కార్డుని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఆ నెంబరు మాకు తెర మీద చూపిస్తుంది. ఆ నెంబరు మీద ఎన్ని పిలుపులొచ్చాయో పక్క పట్టీలో ఉంటుంది. నిన్నటికన్నా పెరిగితే ఆ తెప్ప పలికినట్టు, పెరగకపోతే పలకనట్టు. రోజూ పొద్దున నేను అది చూసి మైకులో చదువుతాను. బడితెప్ప, పదకొండు, పలికింది. ఆసుపత్రి తెప్ప, పద్నాలుగు, పలికింది. మైకులోది రేడియో మీద బయటి తెప్పలకీ పోతుంది, ఊరంతా వింటూ పళ్ళు తోముకుంటుంది.

మద్దిలేటి అంతా విని, ఈ కాలంలో కూడా ఆ నెంబరు చూసేవాళ్ళున్నారా అన్నాడు. ఉన్నారు నాయనా, చూస్తున్నావుగా అన్నాను.

నమోదు 2
గాలి లేదు. ఉక్క.

నాచుతెప్ప కార్డు మార్చారు. పాతది ఉప్పు తిని తిని పచ్చగా అయిపోయింది, పట్టుకుంటే చేతికి పొడి రాలింది.

నాచుతెప్ప ఊరికి చిట్టచివర ఉంటుంది. మేం తినే నాచుకి నారు పోసేది అక్కడే. దాన్ని చూసుకునే ఐదుగురిలో మా ఆయనే మేస్త్రీ. నెలలో సగం అక్కడ, సగం ఇక్కడ. అక్కడున్నప్పుడు నాకు ప్రాణం హాయిగా ఉంటుందని అందరితో అంటాను, నమ్మేవాళ్ళు నమ్ముతారు.

కార్డు మారగానే నెంబరూ మారింది. పాతది పంతొమ్మిది, కొత్తది అరవై నాలుగు. ఊళ్ళో ఈ సంగతి చిన్నది కాదు. ఇక్కడ తెప్ప నెంబరంటే ఇంటి పేరు లాంటిది. పడవ మీద రాయించుకుంటారు, పిల్లల బారసాలలో పళ్ళెం మీద ముగ్గుతో వేస్తారు. మా ఆయన కుర్రతనంలో పంతొమ్మిది అని మోచేతి మీద పచ్చబొట్టే పొడిపించుకున్నాడు. కబురు తెలియగానే రేడియోలో పట్టుకున్నాడు.

"ఇప్పుడు నా సెయ్యేటి సెయ్యమంటావు? సెక్కించుకోమంటావేటి?"

పక్కన ఇంకా బోలెడు చోటుంది, అరవై నాలుగు కూడా పొడిపించుకో అన్నాను. మాటలు గాల్లో రేడియో మీద వెళతాయి, కేబుల్ మీద మిషన్ల కబుర్లే వస్తాయి. అందువల్ల మా దెబ్బలాటలు పిలుపుల లెక్కలోకి రావు. వచ్చి ఉంటే ఊళ్ళో అన్నిటికన్నా ఎక్కువ పలికే తెప్ప అదే అయ్యేది.

నమోదు 3
ఆగ్నేయం గాలి. కొంచెం అల.

నాచుతెప్ప పలకలేదు.

కార్డు బిగించినప్పుడు అరవై నాలుగు మీద రెండు పిలుపులున్నాయి. ఇప్పటికీ రెండే. నిన్నా అంతే, మొన్నా అంతే. నేను చూసింది చూసినట్టు చదివాను: నాచుతెప్ప, అరవై నాలుగు, పలకలేదు. చదివి మైకు ఇంకా కింద పెట్టనేలేదు, రేడియోలో మా ఆయన. బతికున్న మనిషి మీద అలా చదవడానికి నోరెలా వచ్చిందన్నాడు. తెర మీద ఏముంటే అది చదువుతాను, నీ మొహం చూసి చదవను అన్నాను. మూడు రోజులుగా ఇదే భాగోతం, ఊరంతా దీని కోసం చెవులు కోసుకుంటోంది.

మద్దిలేటిని పిలిచి చూపించాను. తెప్ప బాగానే పనిచేస్తోంది, కేబుల్ బాగుంది, నెంబరు మాత్రం చచ్చినట్టుంది, ఏమిటి నీ కార్డు అన్నాను.

"ఆ నెంబరు చూడొద్దు అక్కా. దానికిప్పుడు అర్థం లేదు. పాత అలవాటుకొద్దీ డ్రైవర్ ఏదో ఒకటి చూపిస్తాది, అంతే."

అర్థం లేనిది చూపించడం దేనికి అంటే, చూపించే గడి ఉంది కాబట్టి అందులో ఏదో ఒకటి పెట్టాలి కదా అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ తెప్ప ఊగింది, మొహం పాలిపోయింది, బయటికి పరిగెత్తాడు. నాకూ వంట పనుంది. మళ్ళీ అడగలేదు.

నమోదు 4
తూర్పు గాలి పెరిగింది. ఆకాశం రాగి రంగు.

తుఫాను వస్తోందని మెట్ట నుంచి హెచ్చరిక. పెద్దతెప్ప నడిమి స్తంభం కొమ్ము మీద పసుపు జెండా ఎగరేశారు. బయటి తెప్పల వాళ్ళు లోపలికి రావడం మొదలైంది. చాపలు, గిన్నెలు, కోళ్ళు, మేకపిల్లలు, తిట్లు.

బయటి తెప్ప వదిలి వచ్చేవాళ్ళు చివరగా మిషన్ ఆపి రావాలి. ఇది ఊరి కట్టుబాటు. మిషన్ ఆపితే పిలుపులుండవు. పిలుపు లేకపోతే తెప్ప ఖాళీ అని లెక్క. ఎర్ర జెండా ఎగిరాక మూడుసార్లు పలుకు చదువుతాను. మూడోసారి కూడా పలకకపోతే ఆ తెప్ప తాడు కొక్కెం విప్పేస్తారు. అదను చూసి విప్పితే తెప్ప ఊరికి దూరంగా కొట్టుకుపోతుంది, తుఫాను తగ్గాక వెతికి తెచ్చుకుంటాం.

కట్టుబాటు ఉత్తినే పుట్టలేదు. నా చిన్నప్పుడు ఉప్పుతెప్ప ఖాళీగా ఉంటే తాడు విప్పకుండా వదిలేశారు. గాలికి తాడు తెగి, అది వచ్చి బడితెప్పని గుద్దింది. ఎంతమంది పోయారో నేను ఇక్కడ రాయను. మా పిన్ని ఉంది వాళ్ళలో. నాచుతెప్ప తాడు తెగితే నేరుగా ఆసుపత్రి తెప్ప మీదికే వస్తుంది. మనుషులున్న తెప్ప అయితే తాడు విప్పరు. రెండో తాడు వేసి, ఆసుపత్రిలో వాళ్ళని ఒక్కొక్కరినే మోసి పెద్దతెప్పకి తెస్తారు. ఆ గాలిలో ఊగే వంతెన మీద రోగుల్ని మొయ్యడమంటే మాటలు కాదు, అందుకే ఊరికే చెయ్యరు.

అరవై నాలుగు ఇంకా రెండు దగ్గరే ఉంది. రేడియో ఉంది కదా అని ఊరుకున్నాను.

నమోదు 5
తూర్పు ఈశాన్యం, జోరు. ఎర్ర జెండా.

పొద్దున్న మా ఆయన రేడియోలో చెప్పాడు, నారు తొట్లకి మూతలు కట్టేశాం, పడవ ఎక్కుతున్నాం అని. జాగ్రత్త అన్నాను. నీ నోట జాగ్రత్త అనే మాట వచ్చిందంటే తుఫాను పెద్దదే అన్నాడు. తర్వాత రేడియోలో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

వచ్చి ఏ తెప్ప మీద దిగారో తెలియదు. ఈ వానలో దొరికిన చోటల్లా జనం దూరి ఉన్నారు. తొంగి చూడటానికి తల బయట పెడితే చాలు, ఊపిరి ఆడటం లేదు. గంట క్రితం బయల్దేరినవాడు ఈపాటికి ఎక్కడో వేడి గంజి తాగుతూ ఉంటాడని అనుకుంటున్నాను.

మొదటి పలుకు చదివాను. బయటి తెప్పలు ఒక్కటీ పలకలేదు. నాచుతెప్ప, అరవై నాలుగు, పలకలేదు.

నమోదు 6
గాలి కొలవలేదు. కొలిచే చక్రం ఎగిరిపోయింది.

ఇది అంతా అయ్యాక కూర్చుని రాస్తున్నాను. ఎర్రయ్యగారు ఏమనుకున్నా సరే, ఉన్నదున్నట్టు రాస్తాను.

రెండో పలుకు కూడా చదివేశాను. నాచుతెప్ప పలకలేదు. మైకు పెట్టి నీళ్ళు తాగుతుంటే గోడ మీది పంపుల దీపాలు కళ్ళబడ్డాయి. బయటి తెప్పల దీపాలన్నీ ఆరి ఉన్నాయి. నాచుతెప్పది వెలిగింది. కాసేపుండి ఆరింది. మళ్ళీ వెలిగింది.

తెప్ప అడుగున నీళ్ళు చేరితే అక్కడి మిషన్ కబురు పంపుతుంది. ఆ కబురు అందితేనే ఇక్కడి కంప్యూటర్ పంపు వేస్తుంది. కబురు రాకుండా దీపం ఎలా వెలుగుతుంది? గ్లాసు పక్కన పెట్టేసి లేచాను.

మద్దిలేటి బల్ల కింద తాడుతో నడుం కట్టేసుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. జుట్టు పట్టుకుని లేపాను. నాచుతెప్ప నుంచి కబుర్లు వస్తున్నాయా లేదా, చూసి చెప్పు అన్నాను. అతను తూలుతూనే వచ్చి, నేనెప్పుడూ తెరవని పట్టీ ఒకటి తెరిచాడు. అందులో అరవై నాలుగు కింద అరవై ఐదు, అరవై ఆరు, అలా డెబ్బై రెండు దాకా ఉన్నాయి. అరవై నాలుగు మీద రెండు. మిగతా అన్నిటి మీదా అంకెలు బియ్యం పోసినట్టు పెరిగిపోతున్నాయి.

"ఇవన్నీ నాచుతెప్పవే అక్కా. కొత్త కార్డుకి పిలుపు ఒకటి కాదు, తొమ్మిది ఉంటాయి. కబుర్లు ఈ ఎనిమిదింటి మీద పంచుకుని వస్తాయి."

మరి తెర మీద అరవై నాలుగే ఎందుకుంది అన్నాను. గడిలో ఒక్క నెంబరే పడుతుంది, అందుకని డ్రైవర్ మొదటిది పెట్టిందన్నాడు. ఆ మొదటిది కబుర్లకి కాదట. కార్డు మొదట లేచినప్పుడు ఒకసారి, తర్వాత కేబుల్ గుచ్చినప్పుడల్లా ఒకసారి, పీకినప్పుడల్లా ఒకసారి, అంతే అది పిలిచేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సంగతి ముందే చెప్పకుండా ఏం చేశావని అరిచాను. అతను నావైపు తెల్లమొహం వేసుకుని చూశాడు.

"ఆ నెంబరు చూడొద్దని చెప్తి కదక్కా. అది చూసి మీరు తాడు ఇడుస్తారని నాకెవరు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన కట్టుబాటు, చెప్పాలని ఎవరికి తోస్తుంది? నేను అడగలేదు, అతను అడగలేదు. ఇద్దరం ఒకే గదిలో ఒకే తెర చూస్తూ కూర్చున్నాం.

కొక్కేల దగ్గరికి టెలిఫోన్ తీగ ఉంది. ఎర్రయ్యగారు సమ్మెట పట్టుకుని అక్కడే ఉన్నారు. నాచుతెప్ప మిషన్ నడుస్తోందని, నెంబరు తప్పని, వాళ్ళు అక్కడే ఉండొచ్చని ఒక్క గుక్కలో చెప్పాను.  

ఆయన మెల్లగా అన్నారు. మిషన్ నడిస్తే మిషన్ ఉన్నట్టు, మనుషులున్నట్టు కాదు. పడవ ఎక్కుతున్నామని తమ్ముడే చెప్పాడు. హడావుడిలో మిషన్ ఆపకుండా వచ్చేసి ఉంటాడు. ఇక్కడ తాడు ఒక్కో పోగే తెగుతోంది. ఆసుపత్రి తెప్ప మీద లేవలేని వాళ్ళు ఇరవై మంది పైన ఉన్నారు.

"బావా, ఉంటే?" అన్నాను.

"ఉంటే నా తమ్ముడే కాదేటి? ఉన్నాడని ఒక్క గుర్తు సూపించు, ఆసుపత్రి మొత్తం నా ఈపు మీద మోసుకొస్తాను. గుర్తు నేకుండా నా తమ్ముడని తాడుంచితే, రేపు ఇంకోడి తమ్ముడప్పుడు ఏ మొగం పెట్టుకుని ఇప్పమంటాను? మూడో పలుకు సదువు అసిరీ. తెర మీద ఏటుంటే అది సదువు."

 ఆ మనిషిని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు.

మైకు ముందు కూర్చున్నాను. పలికింది అని ఒక్క అబద్ధం ఆడితే చాలు, కొక్కెం విప్పరు. ఆడదామనే అనుకున్నాను. దాచేదేముంది, నోరు తెరిచింది అందుకే. ఆసుపత్రిలో కాలు విరిగి పడుకున్న మా మేనత్త గుర్తొచ్చింది, పక్క మంచంలో నిన్న పుట్టిన పసిగుడ్డు గుర్తొచ్చింది. వంతెన మీద మోసేవాళ్ళలో ఒకడు జారినా ఆ పాపం నా నోటిదే. చదివాను. నాచుతెప్ప. అరవై నాలుగు. పలకలేదు. 

మైకు అలాగే పట్టుకుని తెర వైపు చూస్తున్నాను. అరవై నాలుగు పక్కన రెండు ఉంది. అది మూడు అయింది.

నేను కళ్ళు నలుపుకునే లోపల నాలుగు అయింది.

"పీకి పెట్టినారక్కా. కేబుల్ ఎవరో పీకి, మళ్ళా పెట్టినారు," అన్నాడు మద్దిలేటి.  మిషన్ తన కేబుల్ తానే పీక్కోలేదు, దానికి చెయ్యి కావాలి అన్నాడు.

టెలిఫోన్‌లో బావగారికి ఆగమని చెప్పాను. ఆగారు. కానీ అలకి తెప్ప అదిరి కేబుల్ వదులై ఉండొచ్చు కదా అన్నారు. అదీ నిజమే. ఒక్కసారికి ఏమీ తేలదు. తాడుకి ఇంకెంతసేపుందో చెప్పలేనన్నారు.

అప్పుడు తట్టింది నాకు. మా ఆయన మాట మా దాకా రాకపోవచ్చు. పెద్దతెప్ప కొమ్ము ఎత్తు, దాని మీది రేడియో గట్టిది, నా మాట వాళ్ళ దాకా వెళుతూ ఉండొచ్చు. నాచుతెప్ప మీద చేత్తో తిప్పే చిన్న రేడియో ఉంది, వినడానికి పనికొస్తుంది. నేను చదివింది విన్నాడు కాబట్టే కేబుల్ మీద చెయ్యి వేశాడు.

పెళ్ళైన నాటి నుంచీ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. మా వాళ్ళలో ఆడవాళ్ళు పిలవరు. ఊరంతా వింటున్న మైకులో పిలిచాను.

"మసేనూ. నువ్వు ఉంటే ఇను. కేబుల్ పీకు. నాను సెప్పిందాకా పెట్టకు."

తెర చూశాను. నాలుగు. నాలుగే. ఎంతసేపు నాలుగే ఉందో. తర్వాత ఐదు అయింది. అరవై ఐదు నుంచి డెబ్బై రెండు దాకా పరిగెడుతున్న అంకెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గోడ మీద పంపు దీపం ఆరిపోయింది.

ఇక పంపు నడవదు, వాళ్ళ కాళ్ళ కింద నీళ్ళు పెరుగుతుంటాయి. నేను చెప్పేదాకా పెట్టడు, నాకు తెలుసు, అంత మొండివాడు. అయినా వెంటనే పెట్టమనలేకపోయాను. అల దెబ్బకి ఊడిన కేబుల్ కాదని తేలాలంటే కాసేపు ఆగాలి. మద్దిలేటి నా భుజం పట్టుకున్నాడు, సముద్రం ఊగుతున్న సంగతే మర్చిపోయాడు. టెలిఫోన్ అవతల బావగారి ఊపిరి వినబడుతోంది.

"ఇప్పుడు పెట్టు," అన్నాను.

ఆరు అయింది. అంకెలన్నీ మళ్ళీ కదిలాయి. దీపం వెలిగింది.

"ఉన్నారు బావా," అన్నాను. టెలిఫోన్‌లో సమ్మెట కింద పడిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఆయన ఎవరెవరినో పేర్లు పెట్టి కేకలేయడం మొదలెట్టారు, రెండో తాడు తెమ్మని, మంచాలు ఎత్తమని.

రోగులందరినీ మోశారు. మా మేనత్తని బావగారు నిజంగానే వీపు మీద ఎక్కించుకుని తెచ్చారు, ఆమె దారి పొడుగునా ఆయన్ని తిడుతూనే ఉందట. పసిగుడ్డుని వాళ్ళమ్మ చీరలో చుట్టి మద్దిలేటికి కట్టారు. ఈత రాని వాడు, సముద్రం చూస్తే కడుపు తిప్పే వాడు, వంతెన మీద పాకుతూ వచ్చాడు. ఎవరూ జారలేదు. వంతెన తెగలేదు. మొదటి తాడు తెగింది, రెండోది ఆగింది.

నమోదు 7
గాలి తగ్గింది. ఎండ.

వాళ్ళని పడవ పంపి తెచ్చాం, ఐదుగురూ వచ్చారు. ఆ రోజు పడవ ఎక్కుతుండగానే అల దాన్ని బోల్తా కొట్టించిందట. ఈది మళ్ళీ తెప్ప ఎక్కారు. మాటలు పంపే పెద్ద రేడియో ఏంటెన్నా కమ్మీ అప్పటికే విరిగింది. మిషన్ నడుస్తోంది కాబట్టి తాము ఉన్న సంగతి ఊరికి తెలుసని ధైర్యంగా కూర్చున్నారట. తిప్పే రేడియోలో నేను చదివే పలుకు విన్నాక ఆ ధైర్యం పోయింది.

మా ఆయన గడప దగ్గరే నిలబడి మొదలెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది.

"ఒకసారి సదివినావు, ఊరుకున్నాను. రెండోసారి సదివినావు, ఊరుకున్నాను. మూడోసారీ పలకలేదంటావా? కోపం ఆగనేదు. ఆ కేబులే కదా నీకు అబద్దాలు సెప్తున్నాదని పీకి పారేసినాను. మావోళ్ళు తిట్టి మళ్ళీ పెట్టించినారు."

గుర్తు ఇద్దామని కాదు, నెంబరుకి ఏదో అవుతుందని కాదు. ఒట్టి కోపం. నాతో దెబ్బలాడటానికి రేడియో లేక కేబుల్‌తో దెబ్బలాడాడు.

నేను మామూలుగా అయితే రెండు అంటించేదాన్ని. ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. భయమేసిందని చెప్పాను. నా నోటితో నువ్వు లేవని చదివాను, ఆ మాట తిరిగి మింగలేను అని చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తాడు ఒరుసుకుని పచ్చిపుండుగా ఉంది. తర్వాత, మైకులో పేరు పెట్టి పిలిచావు, ఇంక ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరగడం అన్నాడు.

నమోదు 8
పడమర గాలి. సముద్రం మామూలు.

నిన్న ఊరు కూర్చుంది. మద్దిలేటి డ్రైవర్ మార్చేస్తానన్నాడు. తొమ్మిది పిలుపులున్న కార్డు ఒక్క నెంబరు చూపించడమే తప్పు, ఆ గడి ఖాళీగా వదిలేస్తానన్నాడు. మొత్తం పట్టీ కావాలంటే నేనే తెరిచి చూసుకోవచ్చు, ఎలాగో నాకు నేర్పాడు. ఏ నెంబరు ఏ పని మీద పిలుస్తుందో పక్కనే తెలుగులో రాసి పెట్టాడు. మేం కూడా అతనికి మా కట్టుబాట్లన్నీ చెప్పాం. ఒక పూట పట్టింది. మధ్యలో చాలాసార్లు అతను తల పట్టుకున్నాడు.

గడి ఖాళీ అంటే కొందరు ఒప్పుకోలేదు. ఏదో ఒక నెంబరు ఉండాలన్నారు, మంచిది చూసి పెట్టమన్నారు, తమ తెప్పకి కార్డు మారినా పాత నెంబరే ఉంచమన్నారు. ఎర్రయ్యగారు చివరికి లేచారు.

"కాళీగా ఉంటే ఏటిది అని అడుగుతాం. తప్పుంటే నమ్మేస్తాం. కాళీగానే ఉండనీండి."

ఇంకో మాట కూడా అన్నారు. ఇక నుంచి పలకకపోతే ఖాళీ అని లెక్క కాదు. తెప్ప వదిలినవాళ్ళు వచ్చి, వదిలామని నోటితో చెప్పాలి. చెప్పేదాకా తాడు విప్పేది లేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తమ్ముడి వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకున్నారు.

ఈ రోజు చీకటి ఉండగానే మా ఆయన వాళ్ళు కొత్త రేడియో కమ్మీ పట్టుకుని నాచుతెప్పకి తిరిగి వెళ్ళారు. నారు సగం పోయింది, సగం మిగిలింది. మిగిలింది చాలునట, వర్షాలు వచ్చేలోపల ఊరికి సరిపడా పెరుగుతుందట.

తెల్లారాక మైకు ముందు కూర్చున్నాను. బడితెప్ప, పదకొండు, పలికింది. ఆసుపత్రి తెప్ప, పద్నాలుగు, పలికింది. నాచుతెప్ప దగ్గరికొచ్చేసరికి తెర మీద గడి ఖాళీగా ఉంది. చదవడానికి ఏమీ లేదు. మొత్తం పట్టీ తెరిచి చూస్తే ఎనిమిది నెంబర్లూ పరిగెడుతూనే ఉన్నాయి. మిషన్ ఉందని నాకు తెలుసు. ఊరికి కావలసింది అది కాదు.

"నాచుతెప్ప. ఎవరున్నారక్కడ?" అన్నాను.

రేడియోలో గుర్రుమంది. జవాబు లేదు. ఊళ్ళో పళ్ళు తోముకునే వాళ్ళంతా చేతులు ఆపేసి ఉంటారు.  ఇంకోసారి అడిగాను, ఈసారి పేరు పెట్టి.

"ఉన్నానే," అన్నాడు. "నువ్వు పిలుస్తావేమోనని ఆగినాను."

మిగతా నలుగురూ ఒకరి తర్వాత ఒకరు పేర్లు చెప్పారు. నేను ఒక్కొక్కటీ మైకులో తిరిగి చెప్పాను.